బోర్డర్‌లైన్ షుగర్ రిపోర్టు చేతికొస్తే గుండె సంగతి అడగండి

2025 చివర్లో ఒక వార్త ఫోన్లలో తెగ తిరిగింది. ప్రీడయాబెటిస్ (డయాబెటిస్ గీత దాటకపోయినా మామూలు కంటే ఎక్కువ చక్కెర) ఉన్నవాళ్లు చక్కెరను మళ్లీ మామూలు స్థాయికి తెచ్చుకుంటే, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రి పాలయ్యే ముప్పు కలిపి సగానికి పైగా తగ్గుతాయని దాని సారాంశం. అమెరికాలో, చైనాలో దశాబ్దాల పాటు నడిచిన రెండు పాత అధ్యయనాల డేటాను మళ్లీ తిరగేసి తేల్చిన విషయమది. లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రినాలజీ పత్రికలో వచ్చింది. నాకూ చాలామంది పంపారు. పంపిన వాళ్లంతా ఇంచుమించు ఒకే మాట జోడించారు: "చూశావా, షుగర్ దించుకుంటే చాలు."

ఆ "చాలు" దగ్గరే నాకు పేచీ. వార్త అబద్ధమని కాదు. అధ్యయనమూ తీసిపారేయాల్సింది కాదు. కానీ పరగడుపున 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 6.0 అని రిపోర్టు వచ్చిన మనిషి ముందున్న అసలు ప్రశ్న "ఈ అంకెను ఎలా దించాలి" అన్నది కాదని నేను నమ్ముతున్నాను. "నా గుండెకున్న ముప్పు మొత్తం ఎంత, అందులో ఈ అంకె వాటా ఎంత" అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు చాలాసార్లు బీపీలో, ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌లో, సిగరెట్‌లో, నడుము చుట్టుకొలతలో దొరుకుతుంది. చక్కెర అంకె అక్కడిదాకా దారి చూపిస్తుంది, అంతే.

నేను డాక్టర్ని కాను. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ రిపోర్టులు రావడంతో పట్టుబట్టి చదివిన వాణ్ణి. కాబట్టి కింద రాసింది వైద్య సలహాగా కాక ఒక వాదనగా చదవండి.

13 శాతం అంటే ఎంత?

ముందు భయం సంగతి తేల్చుకుందాం. 2020లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 129 అధ్యయనాలు, కోటి మందికి పైగా మనుషులు. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లలో ఏ కారణంగానైనా చనిపోయే ముప్పు 13 శాతం, గుండె రక్తనాళాల జబ్బుల ముప్పు 15 శాతం ఎక్కువని తేలింది. వార్తల్లోకి ఎక్కేవి ఈ శాతాలే. అదే పేపర్లో ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పదివేల మందిని ఏడాది పాటు గమనిస్తే, ప్రీడయాబెటిస్ లేనివాళ్లతో పోల్చినప్పుడు అదనంగా కనిపించిన మరణాలు ఏడు పైచిలుకు. గుండె రక్తనాళాల జబ్బులు తొమ్మిదికి కాస్త తక్కువ.

పదివేలకు ఏడు. ఇది చిన్నదా, పెద్దదా? ఒక్క మనిషి నిద్ర పాడుచేసుకోవాల్సినంత పెద్దది కాదు. కానీ ప్రపంచంలో ఈ స్థితిలో ఎంతమంది ఉన్నారో చూస్తే చిన్నదీ కాదు. గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష లెక్కన చూస్తేనే 2021లో 54 కోట్ల మంది పెద్దవాళ్లు ఈ కోవలోకి వస్తారని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య అంచనా. అంటే ఇంటిల్లిపాదినీ హడలగొట్టాల్సిన పని లేదు, ప్రభుత్వాలు మాత్రం తీరిగ్గా కూర్చోవడానికి వీల్లేదు. ఈ రెండు స్థాయిలనూ మనం తరచూ కలిపేస్తాం.

అదే విశ్లేషణలో నా వాదనకు పనికొచ్చే మరో ముక్క ఉంది. అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రీడయాబెటిస్ కూడా తోడైతే మరణ ముప్పు పెరుగుదల 13 దగ్గర ఆగలేదు, 36 శాతానికి వెళ్లింది. ఒకే షుగర్ రిపోర్టు ఇద్దరి చేతుల్లో రెండు వేరు వేరు సంగతులు చెబుతుందన్నమాట. పక్కన ఇంకేమున్నాయో చూడకుండా దాన్ని చదవలేం.

పైగా ఏ పరీక్షతో పట్టుకున్నామన్నది కూడా లెక్కే. అమెరికా డయాబెటిస్ సంఘం 2003లో పరగడుపు గీతను 110 నుంచి 100కి దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ 110నే పట్టుకుని ఉంది. నిన్న 104తో నిశ్చింతగా పడుకున్నవాడు ఒక సంఘం దృష్టిలో తెల్లారేసరికి రోగి అంచుకు చేరాడు, ఇంకో సంస్థ దృష్టిలో ఇంకా మామూలు మనిషే. గీత దిగేకొద్దీ దాని పైకి వచ్చే జనం పెరుగుతారు, ఒక్కొక్కరికీ ఉండే ముప్పు పలచబడుతుంది. రెండు గంటల పరీక్షలో 140 దాటినవాళ్లకు గుండె ముప్పు, పరగడుపు 100 దాటినవాళ్లకంటే స్పష్టంగా ఎక్కువ. రెండు గంటల అంకె, పరగడుపు అంకెకంటే మరణ ముప్పును బాగా పట్టిస్తుందని యూరప్ జనాభాలను కలిపి చూసిన డీకోడ్ అధ్యయనం 1999లోనే చెప్పింది. అయినా ఆ పరీక్ష రెండు గంటలు కూర్చోబెడుతుందని ఎవరూ చేయించుకోరు. హెచ్‌బీఏ1సీ తేలిక. కానీ ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించగలదు. ఇదీ చాలామందికి తెలియదు.

బాబాయి, గ్లూకోమీటరు

మా బాబాయికి హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మర్నాడే గ్లూకోమీటరు కొన్నాడు. లేవగానే ఒకసారి, తిన్నాక ఒకసారి, నడిచొచ్చాక ఒకసారి, అనుమానం వస్తే మధ్యలో ఇంకోసారి. అంకెలన్నీ ఒక నోట్‌బుక్‌లో. ఫోన్ చేస్తే పలకరింపు కూడా అదే.

"ఒరేయ్, ఇవాళ 108 వచ్చిందిరా. నిన్న 103. ఏం తేడా చేసుంటుంది?"

"బాబాయ్, అంత చిన్న తేడా మీటరుదే అయి ఉంటుంది. అది సరే, బీపీ ఎప్పుడు చూపించుకున్నావ్?"

"నాకు బీపీ లేదురా."

"లేదని ఎట్లా తెలుసు?"

"ఎప్పుడూ తలనొప్పి రాలేదు కదా!"

తర్వాత ఇంట్లో వాళ్ల పోరు పడలేక చూపించుకుంటే 152/94. వేరే రోజుల్లో చూసినా అటూ ఇటూ అంతే. మనిషికి ఆ బీపీ ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. వేళ్లకు మాత్రం సూది గుర్తులు.

ఇందులో బాబాయి తప్పేం ఉంది? రిపోర్టులో ఎర్ర అక్షరాలతో వచ్చింది షుగర్. భయపెట్టింది షుగర్. చేతిలో కొలిచే యంత్రం ఉంది, కొలిస్తే ఏదో చేస్తున్నామన్న తృప్తి ఉంది. కానీ గుండె లెక్కల్లో అతనికి ఎక్కువ కలిసొచ్చేది ఏది? బీపీ మందుల పరీక్షలు యాభైకి దగ్గరగా కలిపి చూసిన 2021 నాటి విశ్లేషణ ప్రకారం, పై అంకె 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద దెబ్బలు దాదాపు 10 శాతం తగ్గుతాయి. ఎల్‌డీఎల్ 39 పాయింట్లు దిగితే తగ్గుదల 20 శాతానికి పైనే. ఇవి మనుషుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి మందిచ్చి చూసిన ఫలితాలు. ప్రీడయాబెటిస్‌లో చక్కెరను 108 నుంచి 98కి దించితే గుండెకు ఇంత మేలని ఆ తరహాలో తేల్చిన పరీక్ష నాకు కనిపించలేదు.

చక్కెరా, చక్కెరతో కలిసి వచ్చినవా?

ఇక్కడ ఒక వింత మనుషుల గురించి చెప్పాలి. జీసీకే అనే జన్యువులో మార్పుతో పుట్టేవాళ్లు కొద్దిమంది ఉంటారు. ఒంట్లో చక్కెర ఎంతుందో పసిగట్టే ఏర్పాటు వాళ్లలో కాస్త పైకి అమరి ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ పరగడుపు చక్కెర వందకు పైనే, చాలామందికి డయాబెటిస్ గీతను తాకుతూ. వీళ్ల మీద 2014లో జామా పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అర్ధ శతాబ్దం దాకా ఆ చక్కెరతో బతికినా వాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు వాళ్ల కుటుంబాల్లోని మామూలు మనుషులకంటే ఎక్కువ లేవు. చిన్న వయసులో టైప్ 2 డయాబెటిస్ వచ్చినవాళ్లలో మాత్రం ఎన్నో రెట్లు ఉన్నాయి.

చక్కెర ఒక మోస్తరుగా పెరగడమే గుండెను చెడగొట్టేదైతే వీళ్లకు ముందు రావాలి కదా? వీళ్లలో లేనిదీ, మామూలు ప్రీడయాబెటిస్‌లో ఉండేదీ ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినకపోవడం. పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. కాలేయం ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును అదేపనిగా రక్తంలోకి వదులుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై సంఖ్యలో పెరుగుతాయి. ఎక్కువైన ఇన్సులిన్ కిడ్నీల చేత ఉప్పును పట్టి ఉంచేలా చేస్తుంది, బీపీ ఎక్కుతుంది. రక్తనాళాల లోపలి పొర సాగే గుణం కోల్పోతుంది. చక్కెర పెరగడం ఈ వరసలో ఒక సంగతి, అదీ కాస్త ఆలస్యంగా బయటపడేది. డయాబెటిస్, గుండెజబ్బు రెండూ ఒకే నేలలో మొలిచేవని మైఖేల్ స్టెర్న్ అనే పరిశోధకుడు 1995లోనే ప్రతిపాదించాడు. ఒకటి రెండోదానికి తల్లి కాదు, తోబుట్టువు అని ఆయన వాదన.

దీనికి ఎదురు మాట లేకపోలేదు. జన్యువుల ఆధారంగా లెక్కలు కట్టే అధ్యయనాలు కొన్ని, చక్కెరకు గుండెజబ్బులో సొంత పాత్ర కూడా కొంత ఉందనే చెబుతున్నాయి. నేను కాదనను. మొదటి ముద్దాయి అదేనా అన్నది నా అనుమానం.

మందుల పరీక్షలు ఆ అనుమానాన్ని పెంచుతాయి. గ్లూకోజ్ తట్టుకునే శక్తి తగ్గిన 9,306 మంది మీద చేసి 2010లో ఫలితాలు ప్రకటించిన నావిగేటర్ పరీక్షలో చక్కెర దించే మందు నాటెగ్లినైడ్ గుండెకు ఏ మేలూ చేయలేదు. చైనాలో గుండెజబ్బుతో పాటు ప్రీడయాబెటిస్ ఉన్న 6,522 మందికి అకార్బోస్ అనే మరో చక్కెర మందు ఇచ్చి చూస్తే డయాబెటిస్ 18 శాతం తగ్గింది, గుండె లెక్క కదల్లేదు. మరోవైపు 2023లో వచ్చిన సెలెక్ట్ పరీక్ష చూడండి. అధిక బరువు, గుండెజబ్బు ఉండి డయాబెటిస్ లేని 17,604 మంది. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ప్రీడయాబెటిస్. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ మందుతో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ఆ మేలు మొదట్లో హెచ్‌బీఏ1సీ ఎంతుందన్న దానితో సంబంధం లేకుండా కనిపించింది. చక్కెర ఒక్కదాన్నే పట్టుకున్న మందులు గుండె దగ్గర చతికిలబడ్డాయి. బరువుతో మొదలుపెట్టి ఆ నేలనంతా కదిపిన మందు పనిచేసింది.

రెండు దేశాలు, రెండు ఫలితాలు

నా వాదనకు గట్టి అడ్డం వచ్చేది చైనాలోని దాచింగ్ అధ్యయనం. 1986లో మొదలైంది. ప్రీడయాబెటిస్ ఉన్న 577 మంది, 33 క్లినిక్కులు, ఆరేళ్లు తిండి, వ్యాయామం మీద శ్రద్ధ. ఆ తర్వాత వదిలేసి దూరం నుంచి గమనించారు. 30 ఏళ్ల తర్వాత చూస్తే, ఆ శ్రద్ధ అందనివాళ్లతో పోల్చినప్పుడు డయాబెటిస్ సగటున నాలుగేళ్లు వెనక్కి జరిగింది. గుండె మరణాలు 33 శాతం తగ్గాయి. ఆయుష్షు దాదాపు ఏడాదిన్నర పెరిగింది. 20 ఏళ్ల దగ్గర ఈ తేడా ఇంకా తేలలేదు. ఓపిక పట్టినవాళ్లకే కనబడింది.

అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అంతకంటే చాలా పెద్దది, 3,234 మంది. 2002లో వచ్చిన ఫలితం అందరికీ తెలిసిందే: జీవనశైలి మార్పుతో డయాబెటిస్ 58 శాతం, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో 31 శాతం తగ్గింది. కానీ 21 ఏళ్లు వెంటాడి చూశాక గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాల్లో మూడు గుంపుల (జీవనశైలి, మెట్‌ఫార్మిన్, ఉత్తుత్తి మాత్ర) మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మొత్తం మరణాల్లోనూ లేదు.

ఎవరిని నమ్మాలి? నా మటుకు ఇద్దరినీ. అమెరికా అధ్యయనంలో మొదటి దశ అయ్యాక జీవనశైలి తరగతులు అన్ని గుంపులకూ ఇచ్చారు, దాంతో తేడా పలచబడింది. అంతకంటే ముఖ్యం, ఆ ఇరవై ఏళ్లలో మూడు గుంపుల్లోనూ స్టాటిన్లు (ఎల్‌డీఎల్ దించే మందులు), బీపీ మందులు బాగా వాడారు. దాచింగ్‌లో మొదటి రోజుల్లో ఆ మందుల ఊసే తక్కువ. ఇంకో చిక్కు సంగతి: దాచింగ్ 23 ఏళ్ల లెక్కలో మరణాల తగ్గుదల ఆడవాళ్లలోనే స్పష్టంగా ఉంది, మగవాళ్లలో దాదాపు లేదు. అక్కడి మగవాళ్లలో పొగతాగడం చాలా ఎక్కువ. ఆ పొగే ఈ మేలును మింగేసిందని నా ఊహ. ఊహ కనుక ఊహగానే తీసుకోండి.

ఇలా చూస్తే రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. బీపీ, ఎల్‌డీఎల్ మందులు అందని చోట నడక, తిండి, బరువు గుండెను కాపాడాయి. అవి అందిన చోట ఆ కాపలాలో పెద్ద వాటా మందులే తీసుకున్నాయి. నడక దండగని దీని అర్థం కాదు, డయాబెటిస్‌ను వెనక్కి నెట్టడమే దానికి చాలినంత లాభం. కళ్లు, కిడ్నీలు, నరాల సంగతి వేరే ఉంది కదా.

మరి మొదట్లో చెప్పిన సగానికి పైగా తగ్గిన కథ? రెండు అధ్యయనాల్లోనూ చక్కెర మామూలుకు తిరిగొచ్చినవాళ్లను, రానివాళ్లను వేరు చేసి చూశారు. తిరిగొచ్చినవాళ్లు బాగున్నారు. అయితే లాటరీ వేసి మనుషుల్ని ఏదో ఒక చికిత్సలో చేర్చగలం గానీ, చక్కెర మామూలుకు వచ్చేవాళ్ల గుంపులో చేర్చలేం. ఎవరికి తిరిగొస్తుంది? వయసు తక్కువ ఉన్నవాళ్లకు, ప్యాంక్రియాస్ ఇంకా ఓపికగా ఇన్సులిన్ పోస్తున్నవాళ్లకు, మొదటి నుంచీ గీతకు కాస్త పైనే ఉన్నవాళ్లకు, బరువు ఎక్కువ తగ్గినవాళ్లకు. వీళ్ల గుండె ఎలాగూ కాస్త మెరుగ్గానే ఉంటుంది. పరిశోధకులు ఇలాంటివి లెక్కలోకి తీసుకుని సరిచేస్తారు, కానీ పూర్తిగా సరిచేయడం ఎవరి తరమూ కాదు. రెండు దేశాల్లోనూ ఒకే దిక్కుకు చూపించడం మాత్రం కొట్టిపారేయలేని విషయమే. మామూలు స్థాయికి వచ్చిన చక్కెర, ఒంట్లో ఆ నేలంతా బాగుపడిందనడానికి గుర్తు అయి ఉండొచ్చు. అలాగైతే దాన్ని చూసి సంతోషించాలి. ఆ గుర్తునే మందులతో తెచ్చిపెడితే నేల బాగుపడినట్టు కాదు.

ఎవరు భయపడాలి, ఎవరు వదిలేయాలి

డెబ్బై దాటినవాళ్లకు ఈ రిపోర్టు చేతిలో పెట్టి తిండి మీద కాపలా కాసే పిల్లల్ని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. సగటు వయసు 75 దాటిన 3,412 మందిని ఆరేళ్లకు పైగా గమనించిన అమెరికా అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. హెచ్‌బీఏ1సీ ప్రకారం ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లలో డయాబెటిస్‌లోకి జారింది 9 శాతం. తిరిగి మామూలుకు వచ్చింది 13 శాతం. ఈలోపు చనిపోయింది 19 శాతం. పరగడుపు లెక్కన చూస్తే 44 శాతం మంది మామూలుకు వచ్చేశారు. ఆ వయసులో ఈ రిపోర్టు వల్ల ఒక మనిషి ఇష్టమైన తిండి మానుకుని, కండ కరిగి, తూలి పడితే ఎవరికి లాభం?

చిన్నవాళ్ల సంగతి దీనికి పూర్తిగా తిరగేసి. నాతో పనిచేసే ఒకతను, ముప్పై నాలుగేళ్లు, చూడటానికి సన్నగానే ఉంటాడు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో పరగడుపు 118. రిపోర్టు చూసినవాళ్లు "బోర్డర్‌లైనే, ఏం పర్లేదు, తీపి తగ్గించండి" అని పంపేశారు. అతని నాన్న యాభై ఏళ్లకే గుండెపోటుతో పోయారని అక్కడ ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఎల్‌డీఎల్ 160 దాటి ఉంది, అదే కాగితం రెండో పేజీలో. షుగర్ మొదటి పేజీలో ఉండటంతో మాట అక్కడే ఆగిపోయింది. నిజంగా తొందరపడాల్సింది ఇలాంటివాళ్ల విషయంలో. ముందు ఇంకా నలభై ఏళ్లు ఉన్నాయి. ఎల్‌డీఎల్ చేసే చేటు ఏళ్ల తరబడి పేరుకుంటుంది.

అందుకే రిపోర్టులో బోర్డర్‌లైన్ షుగర్ అని వస్తే డాక్టర్ దగ్గర మాట మొదలుపెట్టడానికి దాన్ని వాడుకోమంటాను. బీపీ ఎంత, వేరే రోజుల్లో కూడా అంతేనా? ఎల్‌డీఎల్ ఎంత, ట్రైగ్లిజరైడ్లు ఎంత? మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూద్దామా? ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు ఎవరికైనా ఉందా? గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందా? పొగ మానేందుకు సాయం కావాలా? అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో తెచ్చిన ప్రివెంట్ అనే గుండె ముప్పు లెక్కలో హెచ్‌బీఏ1సీని కూడా, కావాలంటే, కలుపుకోవచ్చు. చక్కెర కూర్చోవాల్సిన చోటు అది: మిగతా అంకెల మధ్య ఒక అంకెగా.

ఈ మాటంటే నాకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఒకటుంది, స్టాటిన్ సంగతి. స్నేహితుడి అమ్మగారికి ఎల్‌డీఎల్ కోసం స్టాటిన్ మొదలుపెట్టారు. కొన్ని నెలలకు హెచ్‌బీఏ1సీ 6.2 నుంచి 6.3 అయింది. ఆవిడ ఎవరికీ చెప్పకుండా మందు ఆపేశారు. "గుండె కోసం వేసుకుంటే షుగర్ తెచ్చిపెట్టేట్టుంది బాబూ, ఇదేం మందు?" అన్నారు నాతో. ప్రశ్న న్యాయమైనదే. స్టాటిన్లు డయాబెటిస్ ముప్పును నిజంగానే కొంచెం పెంచుతాయి, అదీ ముఖ్యంగా గీతకు దగ్గరగా ఉన్నవాళ్లలో. 2010లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం 255 మంది నాలుగేళ్లు వాడితే ఒకరికి అదనంగా డయాబెటిస్ వస్తుంది. అదే లెక్కలో, ఎల్‌డీఎల్ 39 పాయింట్లు దిగితే, తప్పిపోయే గుండెపోట్లు, గుండె మరణాలు ఐదు దాకా. ఆవిడకు నేనిది చెప్పాను. 0.1 తేడా పరీక్షకూ పరీక్షకూ మధ్య మామూలుగా వచ్చేదేనని కూడా చెప్పాను. "నీ 255 మందిలో ఆ ఒక్కరూ నేనే అయితే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత డాక్టర్ దగ్గర మాట్లాడుకుని తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు, బీపీ మాత్ర ఒకటి తోడైంది. హెచ్‌బీఏ1సీ ఇప్పటికీ 6.3 దగ్గరే ఉంది.